భక్తుడైన రైతు విడిచిన లెక్క

1842లో ఫాదర్ హయ్యరుగారు గుంటూరున నారంభించిన లూథరన్ మిషను వలన మన ప్రత్తి, మిరప పొలముల నడుమ భక్తిగల రైతుకుటుంబము లనేకము వర్ధిల్లినవి. అట్టి కుటుంబీకుడగు మన సభ్యు డొకరు ఇటీవల ప్రభువునందు నిద్రించిరి. కోతపండుగకు తొలికాయలు గుడికి సమర్పింపక మిరప విక్రయించి యెరుగరు. ఇంటిల్లిపాదితో ప్రార్థన చేయక నిద్రించి యెరుగరు. అయినను కౌలు బాకీ యెంతయో, పురుగుమందుల యంగడి యప్పెంతయో ఇంట నెన్నడును చెప్పలేదు. భూస్థాపన జరిగిన మూడవనాడే ఋణదాతలు వాకిట నిలువగా, ఒక కాగితమైనను లేక యా యిల్లాలు నిరుత్తరయై నిలువవలసివచ్చెను. సంఘమునందలి వాటాధనమునకును నామినీ పేరు లేదు.

మరణమును దలచి వ్రాతలు వ్రాయుట అవిశ్వాసమని కొంద రందురు. మే మట్లు తలపము. మరణము దైవాధీనము, లెక్క మన యధీనము. సభ్యులారా, ఈ నెలలోనే నామినీ పేరు వ్రాయించుడు. ప్రార్థన ముగిసిన పిమ్మట అప్పుల పట్టీని ఇల్లాలికి చదివి వినిపించుడు.