దస్తావేజులు చెప్పే సాక్ష్యం

హదీసు విద్యార్థులకు ఉల్లేఖకుల పరంపర కంఠస్థంగా ఉంటుంది. ఎవరు ఎవరి నుండి విన్నారో, ఎవరిది ఏ ఊరో, ఏ సంవత్సరంలో మరణించారో తడుముకోకుండా చెబుతారు. అదే విద్యార్థులను తమ ముత్తాత పేరేమిటని, నాయనమ్మ పుట్టిల్లు ఏ ఊరని అడిగితే చాలామంది మౌనం వహిస్తారు. మన ఇళ్ళలోనూ పరిస్థితి ఇంతే. మూడు తరాలు దాటితే పేర్లు చెదిరిపోతాయి. నాలుగో తరానికి మిగిలేది ‘మా పెద్దలు జాగీర్దార్లట’, ‘మాది అరబ్బు వంశమట’ అనే మాటలు మాత్రమే.

వంశాన్ని గురించి తెలుసుకోవడం మన ధర్మంలో నిషిద్ధం కాదు, ప్రోత్సాహకరం. బంధుత్వ సంబంధాలను నిలుపుకోవడానికి అవసరమైనంత మేరకు మీ వంశావళిని నేర్చుకోండని దైవప్రవక్త (స) ఉపదేశించినట్లు తిర్మిజీ సంకలనంలో ఉంది. ఉద్దేశం ఏమిటో ఆ ఉపదేశంలోనే ఉంది. ఎవరు రక్తబంధువో తెలియకుండా బంధుత్వాన్ని ఎలా నిలబెట్టగలం? ఎవరు వారసులో తెలియకుండా ఆస్తిని ఎలా పంచగలం? ఎవరు మహ్రమో తెలియకుండా వివాహ సంబంధాలను ఎలా నిర్ణయించగలం? అయితే వంశం గొప్పదనానికి కొలబద్ద కాదని, జాతులూ తెగలూ పరస్పర పరిచయం కోసమేనని హుజురాత్ సూరా (49:13) స్పష్టం చేసింది. ఆచరణలో వెనుకబడినవానిని వంశం ముందుకు తీసుకుపోజాలదని ముస్లిం హదీసు గ్రంథంలో ఉంది. తెలిసి తెలిసీ తన తండ్రి కాని వాని వంశాన్ని అంటగట్టుకోవడం ఘోరపాపం. కాబట్టి వంశాన్వేషణకు కావలసింది ఆడంబరం కాదు, సాక్ష్యం.

ఆ సాక్ష్యం ఎక్కడ దొరుకుతుందో, అది ఏమేమి బయటపెడుతుందో తెలిపే ఒక ఉదంతాన్ని ఈ నెల పాఠకుల ముందు ఉంచుతున్నాము.

జార్జిటౌన్ యారో మమూత్

ఫులానీ జాతికి చెందిన ఒక ముస్లిం యువకుణ్ణి 1752లో పశ్చిమ ఆఫ్రికా నుండి బానిస నౌకలో అమెరికాలోని మేరీల్యాండ్‌కు తరలించారు. అతని పేరు యారో మమూత్. అప్పటికి అతని వయస్సు పదహారేళ్ళ ప్రాంతం. బీల్ అనే సంపన్న కుటుంబం అతణ్ణి కొన్నది. నలభై ఏళ్ళకు పైగా బానిసత్వం అనుభవించి, 1796లో ఆయన విముక్తి పొందాడు. వృద్ధాప్యంలో కష్టపడి వంద డాలర్లు కూడబెట్టి ఒకరి వద్ద దాచుకున్నాడు. ఆ వ్యక్తి మరణించడంతో సొమ్ము పోయింది. మళ్ళీ కూడబెట్టాడు. ఈసారి దాచుకున్న వర్తకుడు దివాలా తీశాడు. మూడోసారి కూడబెట్టిన సొమ్మును బ్యాంకు వాటాలలో పెట్టాడు. 1800లో జార్జిటౌన్‌లో సొంతంగా స్థలం కొని ఇంట్లో నివసించాడు. వీధుల్లో నడుస్తూ బిగ్గరగా దైవస్తుతి చేసేవాడని, మద్యాన్నీ పందిమాంసాన్నీ దరిచేరనిచ్చేవాడు కాదని ప్రఖ్యాత చిత్రకారుడు చార్లెస్ విల్సన్ పీల్ వ్రాసిపెట్టాడు. పీల్ 1819లో ఆయన చిత్రాన్ని గీశాడు. 1822లో జేమ్స్ అలెగ్జాండర్ సింప్సన్ మరొక చిత్రం గీశాడు. 1823 జనవరిలో యారో కన్నుమూశాడు. నమాజు చేసుకునే తోటమూలలోనే ఆయనను ఖననం చేశారని పీల్ పేర్కొన్నాడు.

సింప్సన్ గీసిన చిత్రం జార్జిటౌన్ గ్రంథాలయంలో ఉండేది. జేమ్స్ జాన్‌స్టన్ అనే న్యాయవాది దాన్ని చూసి, ఈ వృద్ధుడెవరు, ఈయన సంతతి ఏమైందని వెదకడం మొదలుపెట్టాడు. ఏళ్ళ తరబడి సాగిన ఆ అన్వేషణ ఫలితం 2012లో పుస్తకంగా వెలువడింది. ఆయన ఎక్కువగా ఆధారపడినవి కౌంటీ కార్యాలయాల్లోని భూమి దస్తావేజులు, వీలునామాలు, కోర్టు కాగితాలు. కౌంటీ అంటే ఇంచుమించు మన జిల్లా వంటిది.

బానిస పేరు ఏ పుస్తకంలో?

అమెరికాలో బానిసలుగా బ్రతికినవారి వంశం వెదకడం ఎంత కష్టమో గమనించండి. 1850, 1860 జనాభా లెక్కల్లో బానిసల వయస్సు, లింగం, రంగు మాత్రం వ్రాశారు. దాదాపు ఎక్కడా పేరు వ్రాయలేదు. పేరు వ్రాసింది యజమానిది. విముక్తి పొందినవారందరి పేర్లూ జనాభా లెక్కల్లోకి వచ్చింది 1870లోనే. దానికి ముందు తరాలను తెలుసుకోవాలంటే యజమానుల ఆస్తి కాగితాలనే వెదకాలి. యజమాని మరణిస్తే అతని ఆస్తుల జాబితా తయారుచేసేవారు. అందులో గుర్రాలు, పరుపులు, నాగళ్ళ సరసన మనుషుల పేర్లు, వాటి ఎదుట వెల ఉండేవి. మనిషి కూడా ఆస్తి కాబట్టి, అతనికి స్వేచ్ఛనిచ్చే పత్రాన్ని సైతం భూముల క్రయవిక్రయాల పుస్తకంలోనే నమోదు చేసేవారు. మేరీల్యాండ్‌లో 1805 నాటి చట్టం స్వేచ్ఛ పొందిన నల్లజాతివారు కౌంటీ కోర్టు నుండి ధ్రువపత్రం తీసుకోవాలని నిర్దేశించింది. అందులో ఎత్తు, చాయ, ఒంటిమీది మచ్చలు వ్రాసేవారు. ఆదం సంతానాన్ని గౌరవించామని అల్లాహ్ సెలవిచ్చాడు (17:70). ఆ సంతానాన్ని సాటి మనుషులే ఎంతగా దిగజార్చారో చెప్పడానికి ఈ కాగితాలకు మించిన సాక్ష్యం అక్కరలేదు. అణచినవారి చేతివ్రాతే అణగారినవారి పక్షాన సాక్షిగా నిలిచింది.

ఇంకొక చిక్కు సరిహద్దులది. ఫ్రెడరిక్ కౌంటీని విభజించి 1776లో మాంట్‌గోమరీ, వాషింగ్టన్ కౌంటీలను ఏర్పరచారు. మాంట్‌గోమరీలో ఉండిన జార్జిటౌన్ తరువాత రాజధాని ప్రాంతంలో కలిసింది. అంటే కదలకుండా ఒకే ఊళ్ళో ఉన్న మనిషి కాగితాలు సైతం వేర్వేరు కార్యాలయాల్లో ఉంటాయి. జిల్లాలు విడిపోవడం చూసిన తెలుగువారికి ఈ చిక్కు కొత్తది కాదు. ఏ సంవత్సరంలో ఆ ఊరు ఏ జిల్లాలో, ఏ తాలూకాలో ఉండేదో ముందుగా తెలుసుకోవడం అన్వేషకుని మొదటి పని.

పేర్ల విషయమూ అంతే. గుమాస్తాలు తమకు వినిపించినట్లు వ్రాసుకున్నారు. ఒకే పేరు గలవారు ఇద్దరు ముగ్గురు ఉంటారు. మన హదీసు విద్వాంసులు ఈ సమస్యను వెయ్యేళ్ళ క్రితమే ఎదుర్కొన్నారు. ఖతీబ్ బగ్దాదీ (రహ్మ) ఒకే పేరు గల వేర్వేరు ఉల్లేఖకులను విడదీసి చూపడానికే ఒక గ్రంథం రచించారు. తండ్రి పేరు, ఊరు, గురువు, కాలం వంటివి పోల్చి చూశాకే ఇద్దరూ ఒక్కరో కాదో వారు తేల్చేవారు. దస్తావేజు వెదికేవారూ ఈ నియమాన్నే పాటించాలి. పేరు కలిసింది కదా అని ఎవరినో తాతగా చేసుకోరాదు.

మేనకోడలి దావా

యారో కుమారుడు అక్విలా వాషింగ్టన్ కౌంటీకి వెళ్ళి, పాలీ అనే మంత్రసానిని వివాహమాడి 1832లో మరణించాడు. ఆమె పేరు మీదనే అక్కడి ఒక పల్లెకు యారోస్‌బర్గ్ అని పేరు నిలిచింది. ఆమె పుట్టింటి టర్నర్ వంశంలో పుట్టిన ఒక యువకుడు 1927లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం నుండి పట్టా పొందాడు. యారో ఇల్లున్న స్థలంలో 2015లో తవ్వకాలు జరిగినా ఆయన సమాధి ఆనవాలు దొరకలేదు. అయినా కాగితాలలో మాత్రం ఆయన బంధువు ఒకరు దొరికారు.

1843లో, అంటే యారో మరణించిన ఇరవై ఏళ్ళకు, నాన్సీ హిల్‌మన్ అనే స్త్రీ కోర్టుకెక్కింది. తాను యారో సోదరి కుమార్తెనని, ఆయన ఒక వర్తకునికి ఇచ్చిన అప్పు తనకు రావాలని దావా వేసింది. అప్పుకు వ్రాతపూర్వకమైన ఆధారం ఉండడం వల్ల ఆమె తన హక్కును నిరూపించుకోగలిగింది. ఆ దావా కాగితం లేకపోతే యారోకు ఒక సోదరి ఉండేదని, ఆమె సంతతి మిగిలిందని నేడు ఎవరికీ తెలిసేది కాదు.

ఇక్కడ రెండు విషయాలు గ్రహించాలి. అప్పును వ్రాసిపెట్టుకోవాలన్న ఆదేశం దివ్యఖుర్‌ఆన్‌లోని అతి పొడవైన ఆయతులో (2:282) ఉంది. రెండుసార్లు సొమ్ము పోగొట్టుకున్న వృద్ధుడు ఆ తరువాత ఇచ్చిన అప్పును కాగితం మీద నిలబెట్టడం, రెండు దశాబ్దాల తరువాత ఒక స్త్రీకి ఉపయోగపడింది. ఇక రెండోది: మన ఫిఖహ్‌లో సోదరి కుమార్తె జవిల్ అర్‌హామ్ వర్గంలోనిది. నిర్ణీత వాటాదారులు, అసబాలు లేని స్థితిలో ఆ వర్గానికీ వారసత్వం ఉందని హనఫీ విద్వాంసులు నిర్ణయించారు. అంత దూరపు బంధువు పేరు కూడా వంశవృక్షంలో ఉండవలసిందే అన్నమాట.

మన పెట్టెల్లోని కాగితాలు

ఇప్పుడు మన ఇళ్ళవైపు చూద్దాం. తెలంగాణ కుటుంబాలకు సేత్వార్, 1954-55 నాటి ఖాస్రా పహాణీ, ఇనాం కాగితాలు ఉన్నాయి. ఆంధ్ర ప్రాంతంలో మద్రాసు ప్రభుత్వ కాలపు ఇనాం రిజిస్టర్లు ఉన్నాయి. నికాహ్ వివరాలకు ఖాజీల సియాహాలు ఉన్నాయి. అమ్మకాలు, పంపకాలకు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం ఉంది. హైదరాబాదు సంస్థానంలో 1884 వరకు పాలనా భాష ఫారసీ, ఆ తరువాత ఉర్దూ. ఆ అక్షరాలు చదవగలిగే పెద్దలు మన మధ్య ఉండగానే వాటిని చదివించి తెలుగులో వ్రాయించుకోవడం మేలు.

అయితే పాత పెట్టె తెరిచేవారికి ఒక మాట చెప్పక తప్పదు. మీరు తాతగారి ఘనత కోసం వెదుకుతారు. మీకు మేనత్త హక్కు కనబడవచ్చు. తాతగారికి ముగ్గురు కుమారులు, ఇద్దరు కుమార్తెలు. విరాసత్‌లో ఎక్కినవి మాత్రం ముగ్గురి పేర్లు. ‘ఆడపిల్లలు తామే వద్దన్నారు’ అని పెద్దలు చెబుతారు. నిజంగా తమ వాటాను చేతికి అందుకుని, ఇష్టపూర్వకంగా తిరిగి ఇచ్చారా? లేక పుట్టింటి గడప దూరమవుతుందన్న భయంతో మౌనంగా ఉన్నారా? తల్లిదండ్రులు విడిచిన దానిలో, అది తక్కువైనా ఎక్కువైనా, స్త్రీలకు భాగం ఉందని నిసా సూరా (4:7) ప్రకటిస్తోంది. జానెడు నేలను అన్యాయంగా ఆక్రమించినవాని మెడకు ఏడు భూములు చుట్టబడతాయని బుఖారీ, ముస్లిం గ్రంథాల్లోని హెచ్చరిక అన్నదమ్ములకు వర్తించదని ఎవరూ అనుకోరాదు. మేనత్త జీవించి ఉంటే ఆమెకు, లేకపోతే ఆమె సంతానానికి ఆ హక్కు చేరాలి. ఎంత చేరాలో స్థానిక ఆలిములనూ న్యాయవాదినీ కలిసి తేల్చుకోండి. ఆ పని చేయకుండా గోడమీద వంశవృక్షం వేలాడదీసినంత మాత్రాన బంధుత్వం నిలబడదు.

ప్రియ పాఠకులారా, ఈ నెలలోనే ఒక నోటుపుస్తకం తీసుకోండి. ఇంట్లోని దాదీని, నానీని అడిగి పేర్లు, ఊళ్ళు, నికాహ్‌లు వ్రాయండి. మగవారి పేర్లతో పాటు స్త్రీల పేర్లు, వారి పుట్టిళ్ళు తప్పక వ్రాయండి. ప్రతి పేరు ఎదుట ఆ విషయం ఎవరు చెప్పారో, ఏ కాగితంలో ఉందో నమోదు చేయండి. రుజువు లేనిదాన్ని రుజువు లేనిదిగానే ఉంచండి. ఆ తరువాత ఆ పుస్తకంలో కనబడిన, ఏళ్ళ తరబడి పలకరించని ఒక బంధువు ఇంటికి వెళ్ళి సలాం చెప్పండి.

మన పెద్దలను అల్లాహ్ క్షమించుగాక! హక్కుదారుల హక్కులు చెల్లించే సద్బుద్ధిని మనకు ప్రసాదించుగాక! ఆమీన్.