పెరటి పట్టరై: పగిలిన మానిఫోల్డు

పోయిన నెల నీళ్ల పంపు సీలు మార్చుకోవడం గురించి వ్రాశాము. యీ నెల కాస్త బరువైన పని యెత్తుకున్నాము. పట్టరై అన్నది తమిళ మాటే. కాని కోయంబత్తూరు తెలుగు యిళ్లలో కర్మాగారమని యెవరంటారు? అందుకే యీ శీర్షికకు ఆ పేరే వుంచుకున్నాము.

మా యింట్లో నాయన కొన్న అంబాసిడరు ఒకటి వున్నది. 1983 నాటి పెట్రోలు బండి, 1489 సీసీ యింజను. ఆ కారు తయారీ 2014లో ఆగిపోయింది. నాయనా లేరు. బండిని మాత్రం అమ్మ అమ్మనివ్వదు. నెలకు రెండుసార్లు తుడిచి, ఒకసారి బయటికి తీసి, మళ్లీ షెడ్డులో పెడుతూ వచ్చాము.

పోయిన ఆడి నెలలో అమ్మను ఉడుమలైపేటలోని పిన్నమ్మ యింటికి తీసుకువెళ్లాము. గాలి, దుమ్ము జాస్తిగా వుండి అద్దాలన్నీ యెక్కించుకున్నాము. పొల్లాచ్చి దాటేసరికి అమ్మ తల పట్టుకున్నది. వాంతి కూడా అయింది. ఆ రోజు ఒక్కపొద్దు గనుక పైత్యమని అందరమూ తీర్మానించాము. దిగి వేపచెట్టు కింద అరగంట కూర్చున్న తరువాత నెమ్మదించింది. తిరిగి వచ్చేటప్పుడు గాలి తగ్గి అద్దాలు దింపుకున్నాము, అమ్మకు ఏమీ కాలేదు. యింటికి వచ్చాక అమ్మ అన్నది:

"మీ నాయన తోలినప్పుడు బండిలో యీ వాసన లేదురా."

ఆ మాటతో మాకు నిద్ర పట్టలేదు. మరునాడు పొద్దున బానెట్ యెత్తి, చల్లగా వున్న యింజనును స్టార్టు చేశాము. టిక్ టిక్ టిక్ అని గడియారంలాంటి చప్పుడు. యింజను వేడెక్కేకొద్దీ చప్పుడు తగ్గింది. వేడికి ఇనుము వ్యాకోచించి పగులు మూసుకుంటుంది గనుక అలా తగ్గుతుంది. చప్పుడు పోయిందని సంతోషించి మానిఫోల్డును మరిచిపోయేవారే యెక్కువ. మేమూ ఆరు నెలలుగా అలా మరిచినవారమే.

మానిఫోల్డు అంటే యేమిటో ముందు చెప్పాలి. యింజనులో కాలిన పొగ నాలుగు సిలిండర్ల నుంచి వెలుపలికి వచ్చి ఒక పోత యినుప గొట్టంలో కలుస్తుంది. ఆ గొట్టం నుంచి సైలెన్సరు పైపులోకి పోతుంది. ఆ పోత యినుప గొట్టమే ఎగ్జాస్టు మానిఫోల్డు. బండి బరువు లాగేటప్పుడు అందులోని పొగ వేడి 700 డిగ్రీలు దాటుతుంది. బండి ఆపగానే చల్లబడుతుంది. యేండ్ల తరబడి యిలా కాగి ఆరి, కాగి ఆరి, చివరకు యెక్కడో ఒకచోట చీలుతుంది.

అందులోనుంచి లీకయ్యే పొగలో కార్బన్ మోనాక్సైడు వుంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన ముక్కుకు తెలిసేది దానితో కూడా వచ్చే పెట్రోలు పొగ వాసన మాత్రమే. నెత్తురులోని హిమోగ్లోబిను ప్రాణవాయువు కన్న 200 రెట్లకు పైగా గట్టిగా యీ వాయువును పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, వికారం, మగత. ఆ మగతలో నిద్రపోయినవారు లేవకపోవచ్చు. పాత కార్బురేటరు బండ్లకు యీ వాయువును శుద్ధిచేసే సాధనమూ లేదు. బానెట్ కింద చేరిన పొగ, కేబుళ్లు దూరే రంధ్రాలలో రబ్బరు చెడివుంటే, నేరుగా ముందు సీటు దగ్గరికి వస్తుంది. అమ్మ కూర్చున్నది ముందు సీటులోనే. అమ్మను వెంటనే వైద్యునికి చూపించి వుండవలసింది. పైత్యమని మజ్జిగ యిచ్చి వూరుకున్నాము. దేవుని దయ వల్ల అది మాకు పాఠంగానే మిగిలింది.

పగులు కనిపెట్టడానికి పరికరమేమీ అక్కరలేదు. చల్లని మానిఫోల్డు మీద నల్లటి మసిగీత కనబడితే అక్కడ అనుమానించండి. అగరుబత్తి పొగ పట్టి చూడమని చెప్పేవారున్నారు. అంబాసిడరులో కార్బురేటరు, మానిఫోల్డు ఒకే పక్కన పైనా కిందా వుంటాయి. అక్కడ నిప్పు తీసుకుపోకండి. 

విప్పే విధానం యిది. రెండు రాత్రుల ముందునుంచే నట్లకు తుప్పు వదిలించే నూనె పోస్తూ వుండాలి. మూడవ రోజు, యింజను పూర్తిగా చల్లారిన తరువాత, బ్యాటరీ నెగటివ్ తీగ తీసివేయాలి. ఎయిర్ క్లీనరు, పెట్రోలు గొట్టం, ఆక్సిలరేటరు, చోక్ కేబుళ్లు విప్పి కార్బురేటరును తీసి దూరంగా పెట్టాలి. పెట్రోలు గొట్టం మూతికి బిరడా పెట్టాలి. కిందినుంచి సైలెన్సరు పైపు నట్లు విప్పడానికి బండిని యెత్తవలసి వస్తుంది. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కిందికి దూరవద్దు. గట్టి స్టాండ్లు పెట్టి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం వేయండి.

నట్లకు రింగు స్పానరే వాడాలి. బిగిసిన నట్టును ఒక్క పట్టున తిప్పితే స్టడ్డు విరిగి హెడ్డులోనే వుండిపోతుంది. పావు చుట్టు వదులు చేసి, మళ్లీ కాస్త బిగించి, మళ్లీ వదులు చేస్తూ రావాలి. మొదటిసారి మేము తొందరపడి ఒకటి విరగ్గొట్టాము. దానిని తీయడానికి లేతు పనిచేసే మా బావమరిదికి సగం ఆదివారం పట్టింది. పాత గాస్కెట్టును పొడిగా గీకవద్దు. పాత గాస్కెట్లలో ఆస్బెస్టాసు వుండవచ్చు, ఆ ధూళి వూపిరితిత్తులకు హాని. నీటితో తడిపి, మెల్లగా తీసి, సంచిలో కట్టివేయాలి. హెడ్డు రంధ్రాలలో శుభ్రమైన గుడ్డలు కుక్కడం మరువరాదు.

మొదటి రిపేరు సంగతి చెప్పుకోవడానికి సిగ్గుగానే వున్నది. మానిఫోల్డు గుడ్డలో చుట్టుకొని ఆఫీసుకు పోయే దారిలో కనబడిన వెల్డింగు షాపులో యిచ్చాము. "సాయంకాలానికి కావాలి, తక్కువలో చెయ్యి" అన్నది మేమే. అతను మామూలు రాడ్డుతో చకచక అతికించి యిచ్చాడు. చూడడానికి సొగసుగానే వున్నది. పదహారవ రోజు మళ్లీ టిక్ టిక్. విప్పి చూస్తే అతుకు చెక్కుచెదరలేదు, దాని పక్కన కొత్తగా పగిలింది.

కారణం తరువాత తెలిసింది. మామూలు మెత్తని యినుములో కార్బను నూటికి పావు పాలు వుంటేనే యెక్కువ. పోత యినుములో 3 పాళ్ల ప్రాంతంలో వుంటుంది. అందువల్లనే అది సులభంగా పోత పోసుకుంటుంది, అందువల్లనే వంగక పగులుతుంది. మామూలు రాడ్డుతో అతికి చప్పున చల్లారనిస్తే, అతుకు పక్కన గాజులాంటి గట్టి పొర యేర్పడుతుంది. తరువాతి వేడికి అక్కడే చీలుతుంది.

రెండవసారి మా బావమరిది ఒక ముసలి వెల్డరు దగ్గరికి తీసుకువెళ్లాడు. యీ వూరి ఫౌండ్రీలలో పోత యినుముతోనే తల నెరిసినవాడు. మానిఫోల్డు చేతిలోకి తీసుకొని వెంటనే అడిగాడు: "సైలెన్సరు పైపు దేనికి వేలాడుతున్నది?" మేము చూడనే లేదు. యింటికి వచ్చి బండి కింద చూస్తే పైపును మోసే రబ్బరు పట్టీ తెగి యెన్నాళ్లయిందో! పైపు బరువంతా, గతుకులలో అది వూగే వూపంతా మానిఫోల్డు మీదనే పడుతున్నది. పగులు అతికి ఆ పట్టీ మార్చకపోతే మూడవసారి కూడా పగిలేదే.

ఆయన చెప్పిన ప్రకారం సగం పని యింట్లోనే చేశాము. తీగ బ్రష్షుతో మసి, తుప్పు రుద్దాము. పగులు యెంతదూరం పోయిందో తెలియడానికి కిరసనాయిలు పూసి, కాసేపు వుంచి, బాగా తుడిచి, పైన సుద్దపొడి రాశాము. లోపల దాగిన కిరసనాయిలు సుద్దలోకి వూరి గీత చూపించింది. కంటికి రెండంగుళాలుగా కనబడిన పగులు సుద్దలో మూడంగుళాలు తేలింది. ఆ గీత రెండు కొసలలో 3 మిల్లీమీటర్ల రంధ్రాలు వేశాము. కొసన గుండ్రని రంధ్రం వుంటే పగులు ముందుకు పాకదు. తరువాత గ్రైండరుతో పగులు పొడవునా నాగలి చాలులాంటి గాడి తీశాము. కళ్లకు అద్దాలు పెట్టుకోవాలని వేరే చెప్పనక్కరలేదు. కిరసనాయిలు చెమ్మ పూర్తిగా పోయేవరకు యెండలో పెట్టి, అప్పుడే నిప్పు దగ్గరికి తీసుకువెళ్లాము.

వెల్డింగు మాత్రం తెలిసినవారి చేతనే చేయించాలి. ముసలాయన మానిఫోల్డును మందపాటి యినుప పలకకు బోల్టులతో బిగించాడు, వంకర పోకుండా. దాన్ని బొగ్గుల పొయ్యి మీద 300 డిగ్రీల దాకా కాచాడు. ఆ వేడి వద్ద కరిగే సుద్దముక్కతో గీసి సరిచూశాడు. నికెలు రాడ్డుతో ఒక్కొక్క అంగుళమే అతికి, ఆపి, చిన్న సుత్తితో మెల్లమెల్లగా తట్టి, మళ్లీ అతికాడు. నికెలు రాడ్డు ధర యెక్కువే. కాని రెండుసార్లు గాస్కెట్టు, రెండు ఆదివారాలు లెక్కవేసుకుంటే అదే చవక. 

పని ముగిసిందని మేము చెయ్యి చాపాము. ఆయన తల అడ్డంగా వూపి, "అవసరప్పడాదీంగ సార్" అన్నాడు. అనగా తొందరపడకండి అని. తమిళంలో అవసరమంటే తొందర, తెలుగులో అవసరమంటే కావలసినది. నలభై యేండ్లుగా రెండు భాషలూ మాట్లాడుతున్నాము, యీ తేడా యింతగా యెప్పుడూ తగలలేదు. మాకు మానిఫోల్డు తెలుగులో అవసరం, తమిళంలోనూ అవసరమే! ఆయన దాన్ని పొడి బూడిదలో పాతిపెట్టి, రేపు పొద్దున రమ్మన్నాడు. చల్లారడం ఆలస్యమైతేనే అతుకు నిలుస్తుంది.

మరునాడు ముఖాన్ని గాజు పలక మీద పెట్టి ఫీలరు గేజుతో చూశాము. ఒక కొస కాస్త యెత్తుగా వున్నది. బావమరిది దానిని పట్టరైలో చదును చేసి తెచ్చాడు. కొత్త గాస్కెట్టు, కొత్త నట్లు వేసి, నడిమినుంచి కొసలకు, మూడు విడతలుగా బిగించాము. కింద రబ్బరు పట్టీ, కేబుళ్ల రంధ్రాలలో రబ్బర్లు మార్చాము. ఆరుబయట స్టార్టు చేసి, అంటిన నూనె కాలి పొగ పోయేదాకా వుంచాము. చల్లారిన తరువాత నట్లు మరొకసారి సరిచూశాము. అతికిన మానిఫోల్డు కొత్తదానికి సమానం కాదు. గీతలు నాలుగైదుగా చీలినా, స్టడ్డు కూర్చునే చెవి విరిగినా, అతికించే ఆశ వదిలి వేరొకటి వెతుక్కోవడమే మేలు.

మన యిళ్లలో ఒక మాట వినబడుతూ వుంటుంది: యివన్నీ మనవంటి గుమాస్తాలకెందుకని. 1920లో పొల్లాచ్చి, పళనిల మధ్య తన బస్సును తానే తోలిన జి. డి. నాయుడుగారు కాలేజీలో యింజనీరింగు చదివినవారు కారు. మనం ఆయనంతటివారం కానక్కరలేదు. యింట్లో పెద్దలు యెక్కే బండిలో చప్పుడెందుకు వస్తున్నదో వంగి చూస్తే చాలును.

బండి సిద్ధమైన రోజున అమ్మ ముందు సీటులో కూర్చుని, అద్దం యెక్కించబోయింది. మేము వద్దన్నాము. కొంచెం దించి వుంచడం యిప్పుడు మా యింటి నియమం. ఉక్కడం చెరువు దాటేదాకా అమ్మ ఏమీ అనలేదు. తరువాత, "వాసన లేదు" అన్నది. మరి కొంత దూరం పోయాక, "మీ నాయన యింకా మెల్లగా తోలేవారు" అన్నది.

మేము స్పీడు తగ్గించాము.

వచ్చే నెల: రుబ్బే గ్రైండరు బెల్టు జారడం, దాని చికిత్స.