ఐదో ఫ్రెట్ చుక్క

మొన్న శనివారం అమ్మ నా గదిలోకి తొంగి చూసి, "ఆఫీసు పనా నాన్నా?" అంది. ఒళ్లో బాస్ గిటార్, చేతిలో డ్రిల్లింగ్ మెషీన్, ముక్కుకి మాస్కు. ఇందులో ఆఫీసు పని ఎక్కడ కనిపించిందో మరి!

అసలు విషయమేంటంటే, ఈ గిటార్ నాది కాదు. ఇంజినీరింగ్‌లో మా బ్యాండ్ సీనియర్ ఒకన్న ఎమ్మెస్‌కి అమెరికా వెళ్తూ, "వచ్చేదాకా నీ దగ్గర ఉంచరా" అని ఇచ్చి వెళ్లాడు. ఏడేళ్లయింది. పోయిన నెల మెసేజ్ పెట్టాడు: "డిసెంబర్‌లో వస్తున్నా. నా బాస్ బతికే ఉందా?"

బతికే ఉంది. కానీ మొహం బాగోలేదు. ఫ్రెట్‌బోర్డు మీది తెల్ల చుక్కలు పసుపెక్కిపోయాయి, రెండు పగిలాయి. ఐదో ఫ్రెట్ చుక్క అయితే కాలేజీలోనే ఊడిపోయింది. ఫెస్ట్‌కి గంట ముందు అన్న ఆ గుంటలో వైట్‌నర్ పోసి, ఉఫ్ ఉఫ్ అని ఊది ఆరబెట్టి స్టేజీ ఎక్కేశాడు. ఆ వైట్‌నర్ ఇప్పటికీ అక్కడే ఉంది. అన్నీ మార్చేసి కొత్తదానిలా చేతిలో పెడదామనుకున్నా.

ఈ చుక్కల్ని ఇన్‌లేలు అంటారు. నా చేతిలో ఉన్న 20 ఫ్రెట్ల బాస్‌కి 3, 5, 7, 9, 15, 17, 19 ఫ్రెట్ల దగ్గర ఒక్కోటి, 12 దగ్గర రెండు, మొత్తం తొమ్మిది. 12 దగ్గర ఎందుకు రెండంటే, తీగ పొడవులో అది సరిగ్గా సగం. అక్కడ నొక్కితే అదే స్వరం ఒక స్థాయి పైన పలుకుతుంది. ఇక ఐదో ఫ్రెట్‌లో నొక్కితే, పక్కనున్న సన్న తీగ ఖాళీగా మోగినప్పటి స్వరమే వస్తుంది. ట్యూనర్ యాప్ లేని రోజుల్లో శ్రుతి చేసుకునేది అలాగే.

చుక్కలకీ శబ్దానికీ మాత్రం సంబంధం లేదు. కొన్ని ప్లాస్టిక్, కొన్ని ముత్యపు చిప్ప. 1960ల మొదట్లో ఫెండర్ గిటార్లకి వేసిన మట్టిరంగు చుక్కల్ని 'క్లే డాట్స్' అని పాత గిటార్లు సేకరించేవాళ్లు తెగ వెతుక్కుంటారు.

నేను ముత్యపు చిప్పవి, 6 మిల్లీమీటర్లవి ఆన్‌లైన్‌లో తెప్పించా. రాణిగంజ్ వెళ్లి సన్న డ్రిల్ బిట్లు కొన్నా. పద్ధతి సింపులే. తీగలు తీసేయాలి. ఫ్రెట్ల మీద మాస్కింగ్ టేప్ వేయాలి. పాత చుక్క మధ్యలో చిన్న రంధ్రం చేసి, అందులో మరమేకు తిప్పి మెల్లగా పైకి లాగాలి. మూడో ఫ్రెట్ చుక్క పాలపన్నులా టక్కున ఊడొచ్చింది. నా అంత మొనగాడు లేడనుకున్నా.

కొత్త చుక్క పెడితే గుంటలో గలగలమని ఆడుతోంది! వెర్నియర్ పెట్టి కొలిస్తే గుంట పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్లు. ఫస్టియర్ ల్యాబ్‌లో "యూనిట్స్ చూసుకోండ్రా" అని సార్ మొత్తుకున్నది ఇందుకే. మళ్లీ ఆర్డరు, మళ్లీ వారం వెయిటింగ్.

రెండో వీకెండ్ అసలు దెబ్బ తగిలింది. 12వ ఫ్రెట్ దగ్గర బిట్ జారి, చుక్క పక్కన రోజ్‌వుడ్ చిన్న పెచ్చు లేచిపోయింది. గుండె జారిపోయింది. కోడ్ అయితే పాత వెర్షన్‌కి వెళ్లిపోతాం. చెక్కకి ఆ సౌకర్యం లేదు. పైగా గిటార్ మనది కాదు. ఆ రాత్రి సరిగ్గా నిద్ర కూడా పట్టలేదు.

పొద్దున్నే రోజ్‌వుడ్ ముక్క ఒకటి సంపాదించి, సాండ్ పేపర్‌తో రుద్ది ఆ పొడిని గాయంలో నింపి, పైన సూపర్ గ్లూ చుక్క వేశా. ఆరాక సాపు చేస్తే చాలావరకు కలిసిపోయింది. వెలుతురులో వంచి చూస్తే మాత్రం మచ్చ తెలుస్తుంది. కొత్త చుక్కల్ని కొంచెం పైకి ఉండేలా అంటించి, బోర్డు వంపుకి తగ్గట్టు అరగదీశా. మాస్కు అందుకే. చిప్ప పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు.

అమ్మ కాఫీ తెచ్చింది. చిన్నప్పుడు వీణ నేర్చుకున్న మనిషి. "మా వీణకి 24 మెట్లుండేవి, ఒక్క చుక్కా లేదు. వేలికి తెలియాలి గానీ కంటికెందుకురా?" అంది.

ఎనిమిది అయ్యాయి. తీగలు లేకుండానే భుజాన తగిలించుకుని కిందికి చూశా. నేను మార్చిన ఒక్క చుక్కా సరిగ్గా కనపడలేదు! కనపడ్డవన్నీ మెడ అంచు మీదుండే బుల్లి చుక్కలే. నిలబడి వాయించేవాడు చూసుకునేది వాటినే. మరి రెండు వీకెండ్లు నేను కష్టపడింది ఎవరి కోసం?

అప్పుడు గుర్తొచ్చింది. హాస్టల్ గదిలో అన్న మంచం మీద, నేను ఎదురుగా నేల మీద. "ఐదో ఫ్రెట్ చూడు. వైట్‌నర్ చుక్క. అక్కడ నొక్కుతున్నా, కనపడిందా?" నాకు బాస్ వచ్చింది ఆ చుక్క చూసే. ఈ చుక్కలు ఎదురుగా కూర్చుని నేర్చుకునేవాడికి.

ఐదోదానికి డ్రిల్ కూడా అక్కర్లేదు, టూత్‌పిక్‌తో గీకితే వచ్చేస్తుంది. గీకలేదు. గిటార్ అన్నది, చుక్కా అన్నదే.

రాత్రి వీడియో కాల్ చేసి అంతా చెప్పేశా. 12వ ఫ్రెట్ మచ్చ కెమెరాకి దగ్గరగా పెట్టి మరీ చూపించా. అన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది ఒక్కటే.

"ఐదోది పీకేశావా?"

"లేదన్నా."

"మరింకేంరా! తీగలు కొత్తవి వెయ్యి, వస్తున్నా."

తొమ్మిదో ముత్యపు చుక్కని చిన్న కవర్లో పెట్టి గిటార్ బ్యాగ్ జేబులో వేశా. పెట్టుకుంటాడో లేదో, అది అన్న ఇష్టం. అన్నట్టు, మీ అటక మీద కూడా ఎవరిదైనా వస్తువు ఏళ్ల తరబడి ఉండే ఉంటుంది. రిపేర్ మొదలుపెట్టే ముందు ఓనర్‌కి ఒక్క ఫోన్ కొట్టండి. నేను కొట్టింది డ్రిల్ చేశాక!