గుమ్మం ముందే చరిత్ర.. చదివేవారేరీ?

వనస్థలిపురం: విజయవాడ జాతీయ రహదారిపై వనస్థలిపురం దాటితే హయత్‌నగర్. నిత్యం వేలాది మంది బస్సు బోర్డులపై చదివే ఈ పేరు ఎవరిదో తెలిసినవారు అరుదు. గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్‌షా కుమార్తె హయత్ బక్షీ బేగం పేరిట వెలసిన ఊరిది. 1626లో బాలుడైన కుమారుడు అబ్దుల్లా సింహాసనమెక్కగా పాలనా భారాన్ని మోసినది ఆమే. 1656లో ఔరంగజేబు గోల్కొండను ముట్టడించినప్పుడు సంధి కోసం కదిలినదీ ఆమే. ఆమె పేరిట గల మసీదు, చుట్టూ బాటసారుల సరాయి గదులు, చేరువలోని ఏనుగుల బావి నాటి మచిలీపట్నం బాటకు ఆనవాళ్లు.

ఈ చరిత్రను పోస్టుగ్రాడ్యుయేట్ స్థాయిలో చదవదలచిన ఈ ప్రాంత విద్యార్థికి నగరంలో దారులు లేకపోలేదు. 1918లో ఉర్దూ మాధ్యమంలో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఇస్లామిక్ స్టడీస్ విభాగమున్నది. గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం 2012లో ఇదే విభాగాన్ని నెలకొల్పినది. ఉస్మానియాలో చదివి పారిస్‌లో స్థిరపడిన హైదరాబాదీ పండితుడు మహమ్మద్ హమీదుల్లా (1908-2002) గ్రంథాలు ప్రపంచమంతటా పఠనీయాలైనాయి. ఇంత వారసత్వమున్నా తెలుగు మాధ్యమ పట్టభద్రులకు ఈ కోర్సు ఉన్న సంగతే సరిగా తెలియదు.

కారణాలు వెతకడానికి దూరం వెళ్లనవసరం లేదు. దీనిని మత బోధగా పొరబడేవారు అధికం. ఖలీఫాల పాలన, సూఫీ సంప్రదాయం, న్యాయశాస్త్రం, దక్కను సుల్తానులు, నేటి ముస్లిం సమాజ స్థితిగతులు.. ఇవన్నీ సామాజిక శాస్త్రాల పరిధిలోనివే. మదర్సాలో అందే మత విద్య వేరు, విశ్వవిద్యాలయ పరిశోధన వేరు. ఈ తేడాను డిగ్రీ తరగతి గదిలో వివరించేవారు కానరారు.

అసలు అడ్డంకి లిపి. 2018లో ఎల్బీనగర్‌కు మెట్రో వచ్చిన తరువాత అమీర్‌పేటలో మారి రాయదుర్గం చేరుకోవడం సులభమైనది. కానీ ఉర్దూ విశ్వవిద్యాలయంలో చేరాలంటే ఉర్దూ చదివి ఉండాలి. వేరొకచోట చేరినా కుతుబ్‌షాహీల చరిత్రకు మూలాధారాలు పారశీకంలోనే ఉన్నాయి. తార్నాకలోని రాష్ట్ర పురావస్తు పత్రాగారంలో మొగలుల కాలం నాటి పత్రాలు పెద్ద సంఖ్యలో భద్రంగా ఉన్నాయి. వాటిని చదవగల తెలుగువారు ఎందరున్నారన్నది ప్రశ్న.

తెలుగువారికి ఈ చరిత్ర పరాయిది కానేకాదు. ఇబ్రహీం కుతుబ్‌షా (1550-1580) ఆస్థానంలో తెలుగు కవులు ఆదరణ పొందినారు. పొన్నగంటి తెలగనార్యుడు తొలి అచ్చ తెలుగు కావ్యం 'యయాతి చరిత్ర'ను అంకితమిచ్చినది పటాన్‌చెరు ఏలిక అమీన్‌ఖాన్‌కు. పారశీకంతో పాటు తెలుగులోనూ రాసిన కుతుబ్‌షాహీ ఫర్మానాలు లభించినాయి. అంటే ఒకే కాగితంలో సగం చదవగలవారు ఒకవైపు, మిగతా సగం చదవగలవారు మరోవైపు నిలిచి ఉన్నారన్నమాట.

ఉద్యోగం మాటేమిటన్నది తల్లిదండ్రుల నిలదీత. అది న్యాయమైనదే. యూజీసీ నెట్‌లో 'అరబ్ సంస్కృతి, ఇస్లామిక్ అధ్యయనం' పేరిట ప్రత్యేక సబ్జెక్టు ఉన్నది. ఫెలోషిప్ సాధిస్తే పరిశోధన సాగించవచ్చు. జూనియర్ కళాశాలల్లో ఈ సబ్జెక్టుకు చోటు లేదు. అక్కడ చరిత్ర ఎంఏ చేసినవారికి ఉన్న అవకాశం వీరికి లేదు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ కేంద్రాల గోడలపై ఈ పేరు కానరాకపోవడానికి కారణమిదే కావచ్చు.

కొత్త విభాగాలు తెరవకుండానే చేయదగిన పని ఒకటున్నది. డిగ్రీ రెండో ఏడాదిలోనే ఆసక్తిగల చరిత్ర విద్యార్థులకు ఉర్దూ, పారశీక లిపులు నేర్పే సాయంకాలపు తరగతులు కళాశాలలోనే నడపవచ్చు. ఉర్దూ, పారశీకం రెండింటి లిపీ దాదాపు ఒకటే. ఒకటి పట్టుబడితే రెండవది సగం వచ్చినట్లే. తొలి పాఠానికి హయత్‌నగర్ మసీదు ఆవరణకు వెళ్లవచ్చు. వనస్థలిపురం నుంచి సిటీ బస్సు చాలు.