కుండీకి రంగులు వేద్దాం, కానీ ఊపిరి ఆపొద్దు

పై వీడియో మొదట్లో మా షెడ్డు వెనక వరసగా పెట్టిన పన్నెండు మట్టి కుండీలు కనిపిస్తాయి. నెమళ్లు, గాలిపటాలు, గొబ్బెమ్మలు, అన్నీ పిల్లలు వేసిన బొమ్మలే. చూడముచ్చటగా ఉన్నాయి. కానీ ఒక్కదాంట్లో కూడా మొక్క లేదు. ఆ తప్పు పిల్లలది కాదు, నాది.

పోయిన సంక్రాంతి సెలవుల్లో మా పొలం దగ్గర పిల్లలతో కుండీల అలంకరణ పెట్టాను. ఫొటోల్లో మెరవాలని కుండీలకు లోపలా బయటా ఆయిల్ పెయింట్ నేనే వేయించాను. పిల్లలు బొమ్మలు వేశాక పైన వార్నిష్ కూడా కొట్టించాను. అందరూ మెచ్చుకున్నారు, కిట్లు బాగా అమ్ముడుపోయాయి. నెల తిరగకుండానే ఫోన్లు మొదలయ్యాయి. ఆకులు పసుపుపచ్చగా మారుతున్నాయి, మొక్క వాలిపోతోంది అని. కొందరు కుండీలు తెచ్చి ఇచ్చేశారు. తిరగేసి చూస్తే వేర్లు కుళ్లి వాసన వస్తున్నాయి.

డబ్బులు తిరిగి ఇచ్చేశాను, దానికి బాధ లేదు. కానీ నాన్నతో వచ్చిన ఒక చిన్న పాప, "నా చెయ్యి మంచిది కాదంట అంకుల్, నేను పెడితే మొక్కలు బతకవంట" అన్నది. ఇంట్లో ఎవరో సరదాకి అన్న మాటే అయ్యుంటుంది. ఎనిమిదేళ్ల పిల్ల దాన్ని నమ్మేసింది. అగ్రికల్చర్ డిప్లొమా చదివిన నేను చేసిన తప్పుకు, ఆ పాప చెయ్యి చెడ్డదైంది.

అసలు జరిగింది ఇదీ. కాల్చిన మట్టి కుండీ గోడ నిండా కంటికి కనపడని సన్నని రంధ్రాలు ఉంటాయి. ఎక్కువైన తడి ఆ గోడ గుండా బయటికొచ్చి ఆవిరైపోతుంది. వేర్లకు గాలి అందుతుంది, చల్లదనం ఉంటుంది. ఎండాకాలం కుండలో నీళ్లు చల్లబడేదీ ఇందుకే. దానికి ఆయిల్ పెయింట్ పూస్తే మట్టి కుండీ పేరుకే మట్టిది.

"ప్లాస్టిక్ కుండీల్లో మొక్కలు పెరగట్లేదా?" అని అడుగుతారు. పెరుగుతాయి, నీళ్లు కొలత ప్రకారం పోస్తే. కానీ పిల్లలు కొలిచి పోయరు, ప్రేమకొద్దీ పోస్తారు. పొద్దున ఒకసారి, బడి నుంచి రాగానే ఒకసారి. ఆ ప్రేమను తట్టుకునేది మట్టి కుండీయే.

అందుకే ఈసారి మా కిట్లలో పెయింట్ సీసాలు తీసేశాను. మన అమ్మమ్మలు గడపకు, గద్దెకు, గోడకు వాడిన జాజు, సున్నం, బియ్యప్పిండి చాలు. ముందు కొత్త కుండీని ఒక రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. లేదంటే అది మట్టిలోని తడినే పీల్చేసుకుంటుంది. తీసి ఆరనిచ్చాక బయటివైపు మాత్రమే సున్నం వేయండి. సున్నం పని పెద్దవాళ్లదే. నీళ్లలో కలిపేటప్పుడు వేడి పుడుతుంది, కంట్లో పడితే ప్రమాదం. పిల్లల్ని దూరంగా ఉంచండి.

సున్నం తడి ఆరాక కుండీని పిల్లలకు ఇవ్వండి. జాజులో కొంచెం నానిన తుమ్మజిగురు కలిపితే గట్టిగా పట్టుకుంటుంది. నలుపుకు బొగ్గుపొడి. ఇక పసుపు నీళ్లలో కుంచె ముంచి కొత్త సున్నం మీద గీయమనండి, గీత ఎర్రగా మారిపోతుంది! పారాణి రంగు అలాగే కదా వచ్చేది. వీడియోలో పిల్లల అరుపులు వినండి, అవి ఆ గీత చూసినప్పటివే.

అడుగున రంధ్రం మీద ఒక పెంకు ముక్క పెట్టి, మట్టిలో చివికిన పశువుల ఎరువు గానీ ఘనజీవామృతం గానీ కలిపి నింపండి. మొదటిసారి మెంతులే వేయించండి. వంటింట్లోనే దొరుకుతాయి, జనవరి చలికి బాగా వస్తాయి, నాలుగైదు రోజుల్లో మొలక కనిపిస్తుంది. పిల్లలకు అంతకంటే ఓపిక ఉండదు. నెల రోజుల్లో ఒక పూట పప్పులోకి కూర వస్తుంది.

"ఈ రంగులు వానకు పోతాయి కదా" అంటారు. పోతాయి. వాకిట్లో ముగ్గు కూడా సాయంత్రానికి పోతుంది, అయినా తెల్లారి మళ్లీ వేస్తాం. పండగ పండగకీ పిల్లలతో మళ్లీ వేయించండి. కుండీ మీద తెల్లటి ఉప్పు పేరుకున్నా కంగారు పడకండి. బోరు నీళ్లలోని ఉప్పు గోడ గుండా బయటికి వస్తోందన్నమాట, మీ కుండీ ఊపిరి పీలుస్తోందన్నమాట. తడిగుడ్డతో తుడిస్తే చాలు.

ఇంకో మాట. కుండీ మీ ఊరి కుమ్మరి దగ్గరే కొనండి, పిల్లల్ని వెంట తీసుకెళ్లండి. సారె మీద మట్టి ముద్ద లేచి కుండీ కావడం ఒక్కసారి చూసిన పిల్లలు దాన్ని ఊరికే పగలగొట్టరు. బేరం మాత్రం ఆడకండి. చెరువు మట్టి తెచ్చి, పిసికి, ఆరబెట్టి, ఆవంలో కాల్చేదాకా ఎన్ని రోజుల పనో అక్కడే తెలుస్తుంది.

ఈసారి మెరుపు తక్కువ, కిట్లు కూడా తక్కువే పోతున్నాయి. ఫర్వాలేదు. ఆ పాపకు కొత్త కుండీ ఒకటి పంపాను. మొన్న వాళ్ల నాన్న ఫొటో పెట్టారు. వంకర టింకర జాజు గీతల మధ్య గుత్తంగా మెంతి మొలకలు. పాప చెయ్యి మంచిదే. ఆ మాట నేనే ఫోన్ చేసి చెప్పాను.

ఈ సెలవుల్లో మీ పిల్లలు వేసిన కుండీల ఫొటోలు పంపండి. బొమ్మ ఎలా ఉన్నా ఫర్వాలేదు, లోపల మొక్క కనిపించాలి.