భూసారమునకు బాధ్యు లెవరు?

2025వ సంవత్సరపు వానకాలపు సాగునందు ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములలో యూరియా బస్తాలకై రైతులు తెల్లవారకమునుపే సహకార సంఘముల ముంగిట బారులు తీరిరి. నిలువ నోపిక లేనివారు చెప్పులను వరుసలో నుంచి తమ వంతు నిలుపుకొనిన వార్తలను పాఠకులు మరచియుండరు. కేంద్రము చాలినంత పంపలేదని కొందరును, రాష్ట్రములు సక్రమముగా పంచలేదని కొందరును, వర్తకులు దాచిరని మరికొందరును వాదించిరి. ఈ వాదములలో నిజ మెంత యున్నను, వీని సందడిలో ముఖ్యమగు ప్రశ్న యొకటి మరుగునపడినది. ఏటేట ఎరువు వేయుచున్న పొలము ఏటేట మరింత ఎరువును కోరుచుండుటకు కారణ మేమి?

మొదటి కారణము ధర. 2010 ఏప్రిలునుండి కేంద్రప్రభుత్వము పోషకముల ననుసరించి రాయితీ నిచ్చు పద్ధతిని ప్రవేశపెట్టినప్పుడు, భాస్వరపు ఎరువుల ధరలను, పొటాషు ధరను సడలించి, యూరియా ధరను మాత్రము తన చేతిలోనే యుంచుకొనెను. తక్కినవి ప్రియమగుటయు, యూరియా చౌకగా నుండుటయు జరిగినవి. చౌకైనదానిని అధికముగా వాడుట లోకసహజము. దానికి రైతును నిందింప పనిలేదు. కాని యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజని యే గాని, పైరునకు కావలసిన వేరొక పోషకము లేదు. నీరు నిలిచిన వరిమడిలో చల్లిన నత్రజనిలో తరచు సగమైనను పైరునకు చేరదు. కొంత అమోనియా వాయువై గాలిలో కలియును, కొంత నీటితో కొట్టుకొనిపోవును. చేరినది యెక్కువైనచో ఆకు నల్లబడి చూచుటకు ఇంపుగనే యుండును గాని, దానివెంటనే సుడిదోమయు, అగ్గితెగులును ప్రబలును. అప్పుడు పురుగుమందుల ఖర్చు వేరొకటి.

రెండవ కారణము ఇంతకంటె లోతైనది. నేల యనగా మట్టిపొడి కాదు. కుళ్లిన ఆకు, వేరు, పేడ మొదలగువానినుండి కలిగిన సేంద్రియ పదార్థము దానికి జీవము. అది యున్నచో నేల తేమను పట్టియుంచును, వేసిన ఎరువును దాచి పైరునకు కొలదికొలదిగా నందించును. అది క్షీణించినచో ఎరువు జల్లెడలో పోసిన నీరే. తెలంగాణపు చల్కనేలలలో పెక్కు స్వభావము చేతనే ఇట్టి లోటు గలవి. సారవంతములని పేరొందిన డెల్టా భూములు సహితము ఇప్పు డీ దారినే పట్టుచున్నవి. కోతయంత్రములు వచ్చిన పిమ్మట గడ్డి పొలముననే చెదరి యుండిపోవుచున్నది. పశువులు తగ్గుటచే దానిని కోరువారును తగ్గిరి. రెండవ పంటకు తొందరయగుటచే అగ్గిపుల్ల గీచుటయే సుళువుగా నున్నది. టన్ను వరిగడ్డియందు ఇంచుమించు 5, 6 కిలోల నత్రజని యుండును. కాల్చినచో దానిలో అధికభాగము పొగయై పోవును. నేలను పోషింపవలసిన కర్బనమును దానితోడనే పోవును. పొగబెట్టి పోగొట్టుకొనినదానినే మరల బస్తాలలో కొనుటకు బారులు తీరుచున్నాము.

మన పెద్దలు దీనికి మార్గ మెరుగనివారు కారు. కృష్ణా గోదావరీ డెల్టాలలో వరి కోతకు కొలది దినములు ముందుగా, మడిలో పదును ఆరకమునుపే, పిల్లిపెసరయు, జనుమును చల్లుట పరిపాటి. అవి పశువులకు మేతయు, నేలకు ఎరువును ఐనవి. చౌడు నేలలకు జీలుగ యుత్తమము. ఈ మొక్కల వేళ్లబుడిపెలయందలి సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి నేల కందించును. చక్కగా పెరిగి పూతదశలో కలియదున్నబడిన ఎకరము పచ్చిరొట్ట, 45 కిలోల యూరియా బస్తాలో నుండు ఇంచుమించు 21 కిలోల నత్రజనికి తక్కువ కానంత నత్రజనిని నేలకు చేర్చును. బస్తాలో లేని సేంద్రియ పదార్థమును అదనముగా నిచ్చును. మెట్టప్రాంతములలో చెరువుమట్టి తోలుట, పొలమున గొఱ్ఱెల మందలను నిలుపుట ఇట్టివే. 2015లో తెలంగాణమున మిషన్ కాకతీయ ఆరంభమైనప్పుడు, తీసిన పూడికమట్టిని రైతులు తమ ఖర్చులతో పొలములకు తోలుకొనుట ఈ జ్ఞానము పూర్తిగా నశింపలేదనుటకు నిదర్శనము.

రసాయనిక ఎరువులను ఒక్క కలపుపోటుతో నిషేధింపవలెనని మేము చెప్పుట లేదు. 2021 ఏప్రిలులో సింహళద్వీపపు ప్రభుత్వ మట్టి సాహసమునే చేసి, పంటలు దెబ్బతిని, ఆ సంవత్సరమే నవంబరునాటికి వెనుకకు తగ్గినది. నేల కోలుకొనుటకు ఏండ్లు పట్టును. ఆజ్ఞాపత్రముతో అది కాదు. కావలసినది ఓపికతోడి మార్పు.

ఓపిక కావలె నన్నచోటనే అసలు చిక్కు కలదు. పచ్చిరొట్ట ఫలము ఒక్క పంటతో తీరునది కాదు. రెండు మూడేండ్లకుగాని నేల గుణము మారదు. కాని డెల్టా గ్రామములలో పెక్కింట నాగలి పట్టువాడు భూమికి యజమాని కాడు, కౌలుదారు. అతని కౌలు ఏడాదికే, అదియు నోటిమాట. పంట పండినను ఎండినను ఎకరమున కిన్ని బస్తాలని కుదిరినది చెల్లింపవలెను. వచ్చు సంవత్సర మా పొలము తనదో కాదో తెలియనివాడు జీలుగ విత్తనములు కొని, దుక్కిఖర్చు పెట్టి, ఇతరులకొరకు నేలను బాగుచేయునా? అతని స్థితిలో యూరియా చల్లుటయే వివేకము. కావున భూసార నాశనమునకు మూలము అజ్ఞానము కాదు. సాగు హక్కును, సాగు బాధ్యతయు వేరు వేరు చేతులలో నుండుటయే.

యజమానుల భయమును మేమెరుగుదుము. కాగితము వ్రాసియిచ్చినచో భూమి చేజారునని వారు తరతరములుగా శంకించుచున్నారు. ఆంధ్రప్రదేశ శాసనసభ 2019లో చేసిన పంట సాగుదారుల హక్కుల చట్టము ఆ శంకను తీర్చుటకే 11 నెలల పత్రమును మాత్రమే నిర్దేశించి, దానివలన భూమిపై నెట్టి హక్కును కలుగదని స్పష్టపరచినది. దానికిని యజమాని సంతకము కావలెననుటచే, సంతకము దొరకని కౌలుదారులు బ్యాంకు ఋణమునకును, నష్టపరిహారమునకును దూరమైరి. పైగా 11 నెలల పత్రము అప్పునకు పనికివచ్చును గాని నేలకు పనికిరాదు. నేల లెక్క 11 నెలలలో ముగియదు.

ఈ విషయమున ప్రభుత్వముకొరకు వేచియుండ నక్కరలేదు. యజమానులు తలచినచో ఈ వేసవినుండియే మూడేండ్లకు కౌలు మాట ఇయ్యవచ్చును. గడ్డి కాల్చరాదని, ఏట నొకమారు పచ్చిరొట్ట దున్నవలెనని షరతు పెట్టి, విత్తనముల ఖర్చును తామే భరింపవచ్చును. గట్లవెంట గిరిపుష్పము, కానుగ నాటింపవచ్చును. మూడేండ్ల మొదటను తుదను మట్టిపరీక్ష చేయించినచో లాభనష్టములు కన్నులకు గట్టును. 2015నుండి ఇచ్చుచున్న భూసార పత్రములలో 12 అంశముల వివర ముండును. వానిని పెట్టెలలో దాచక, సాగుచేయువాని చేతి కిచ్చినగదా ప్రయోజనము! దీనివలన యజమానికి నష్టము లేదు. భూమివెల పెరుగునని యెదురుచూచువాడు భూమి చచ్చుచుండగా నుపేక్షించుట తన సొత్తును తానే దోచుకొనుట.

పట్టణవాసులకును దీనిలో భాగము కలదు. పల్లెనుండి ధాన్యముగను, కూరగాయలుగను వచ్చిన సారమంతయు పట్టణపు చెత్తకుప్పలలో ముగియుచున్నది. తడిచెత్తను, పొడిచెత్తను వేరు చేయవలెనని 2016లోనే నిబంధన లేర్పడినవి. ఆకు, తొక్క, మెతుకు ఎరువై పొలమునకు పోవలెనన్నచో అందు ప్లాస్టికు, గాజు కలియరాదు. వంటయింటి యొద్ద రెండు బుట్టలుంచుట గొప్ప త్యాగము కాదు. పట్టణమున కాపుర ముండి పల్లెలో భూమిని కౌలున కిచ్చిన మహాశయులకు మాత్రము ఈ కర్తవ్యము రెండువిధములది.

యూరియా రేపు సమృద్ధిగా రావచ్చును, బారులు తొలగవచ్చును. అంతటితో సమస్య తీరినదని సంతసించుట పొరపాటు. పొలము గట్టుమీదికి పోయి, ఈ నేలను దున్నువాడు వచ్చు సంవత్సరమును ఇచ్చటనే యుండునా యని ప్రతి యజమానియు తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. ఉండునని చెప్పగలిగిననాడే ఆ నేలకు బాధ్యుడైన కాపరి యొకడు దొరకినట్లు.