ఇంటా బయటా: దీపం ఒక చోట, దోషం మరొక చోట

ఈ నెల వంటింటి సంగతులు పక్కన పెట్టి, వాకిట్లో నిలిచి ఉండే కారు సంగతి చెప్పదలచుకున్నాము. కారు కొన్నవారు దాన్ని నడపడం నేర్చుకుంటారు గాని, అది చెప్పే మాట వినడం నేర్చుకోరు. మేమూ ఆ కోవలోని వాళ్లమే. ఈ మధ్య జరిగిన ఒక వ్యవహారం వల్ల మాకు కొంత బుద్ధి వచ్చింది. అది మన పాఠక కుటుంబాలకు పనికివస్తుందని వ్రాస్తున్నాము.

మా మనుమడికి పుట్టువెంట్రుకలు తీయించడానికి తిరుమల వెళ్లాలని అనుకున్నాము. బెంగుళూరులో తెల్లవారుజామున బయలుదేరి, ములబాగిలు, పలమనేరు, చిత్తూరు మీదుగా వెళ్లడం మా ఇంటి అలవాటు. ప్రయాణం ఇంకా పక్షం రోజులున్నదనగా కారు ఒక వింత చేష్ట మొదలుపెట్టింది. వేగం బాగా తగ్గి, ఇక ఆగబోతున్నదనగా, కాలి కింద బ్రేకు పెడలు గడగడ కొట్టుకునేది. బండి ఒక అడుగు ముందుకు జారి ఆగేది. రోడ్డు మీద ఇసుక ఉన్నది కాబోలునని ఊరుకున్నాము.

ఒక సాయంత్రం బడి వదిలిన వేళ, పిల్లలు దాటుతుంటే బ్రేకు తొక్కాము. పెడలు కొట్టుకున్నది. ఆగవలసిన చోట బండి ఆగలేదు. సంచి భుజాన వేసుకున్న ఒక చిన్నవాడికి గజం దూరంలో ఆగింది. వాడు మమ్మల్ని చూసి నవ్వి వెళ్లిపోయాడు. మాకు మాత్రం చాలాసేపు చేతుల వణుకు తగ్గలేదు.

మర్నాడు మీటరు పలక మీద పసుపుపచ్చని దీపం వెలిగింది. దాని మీద ఏ.బి.ఎస్. అన్న అక్షరాలు. దీపం వెలిగాక పెడలు కొట్టుకోవడం మానేసింది. రోగం కుదిరిందనుకున్నాము. అది పొరపాటని తరువాత తెలిసింది.

బండిని ఒక పెద్ద వర్క్‌షాపుకు తీసుకుపోయాము. వారు స్టీరింగు కింద స్కానరు తగిలించి, "ముందు కుడి చక్రం సెన్సరు పోయింది" అన్నారు. కొత్తది వేశారు. దీపం ఆరిపోయింది. డబ్బు కట్టి ఇంటికి వచ్చాము. మూడో నాటికి పెడలు మళ్లీ కొట్టుకున్నది, వెనుకనే దీపమూ వెలిగింది. తిరిగి వెళితే, ఈసారి లోపల కంప్యూటరు పెట్టె మార్చాలన్నారు. దాని ఖరీదు సెన్సరుకు ఎన్నో రెట్లు. మా శ్రీమతి ఒకే మాట అడిగింది: "వాళ్లు మారుస్తున్నది సామానా, మన డబ్బునా?"

ఆ మాట పట్టుకుని, కృష్ణరాజపురం పక్కన చిన్న షెడ్డు పెట్టుకున్న ఒక ముసలి మేస్త్రీ దగ్గరకు వెళ్లాము. కోలారు వైపు మనిషి, మన భాషే. ఆయన బానెట్టు ఎత్తలేదు, స్కానరూ తీయలేదు. ముందు ఒక ప్రశ్న వేశాడు. "సామీ, ఆ చక్రం దగ్గర ఈమధ్య ఎవరైనా చెయ్యి పెట్టినారా?"

అప్పుడు జ్ఞాపకం వచ్చింది. నెల క్రితం ఆ చక్రంలో హోరు శబ్దం వస్తే, ఇంకొక చోట బేరింగు మార్పించాము. మేస్త్రీ తల ఊపాడు.

ఇంతకూ ఈ ఏ.బి.ఎస్. అంటే ఏమిటి? గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు చక్రం తిరగడం ఆగి, టైరు రోడ్డు మీద ఈడ్చుకుపోతే, స్టీరింగు తిప్పినా బండి తిరగదు. అలా చక్రం బిగుసుకుపోకుండా కాపాడేదే ఈ ఏర్పాటు. 1978లో బాష్ కంపెనీ తయారు చేసినది మెర్సిడెస్ కార్లలో వచ్చింది. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లకు తప్పనిసరి అయింది.

ప్రతి చక్రం దగ్గర ఒక చిన్న సెన్సరు ఉంటుంది. దాని ఎదుట చక్రంతోపాటు తిరిగే ఒక వలయం ఉంటుంది. పాత బండ్లలో అది పళ్ళున్న ఇనుప వలయం. ఈనాటి బండ్లలో ఎక్కువగా బేరింగు అంచునే అతికిన అయస్కాంతపు పట్టీ. ఉత్తర దక్షిణ ధ్రువాలు ఒకదాని పక్కన ఒకటి వరుసగా ఉంటాయి. సెన్సరు వాటిని లెక్కపెట్టి కంప్యూటరుకు చెబుతుంది. కంప్యూటరు నాలుగు చక్రాల లెక్కలూ పోల్చి చూస్తుంది. ఒక చక్రం ఉన్నట్టుండి వెనకబడితే, అది బిగుసుకుంటున్నదనుకుని దాని బ్రేకు కాస్త వదులుతుంది.

ఇక్కడే ఉన్నది మా కథ. చక్రం సరిగా తిరుగుతున్నా, లెక్క తప్పు వస్తే, కంప్యూటరు అక్కరలేని చోట బ్రేకు వదులుతుంది. బడి దగ్గర జరిగినది అదే. లెక్క మరీ తప్పుతున్నదని కంప్యూటరుకు తోచగానే, దీపం వెలిగించి ఆ ఏర్పాటునంతా కట్టిపెట్టింది. పెడలు నెమ్మదించడం రోగం కుదిరి కాదు, కాపలావాడు పని మానుకోవడం వల్ల. సెన్సరు మార్చినప్పుడు దీపం ఆరడం కూడా జ్ఞాపకంలోని కోడు తుడిచినందువల్లనే.

"స్కానరు చెప్పేది చోటు మాత్రమే సామీ, దొంగ పేరు కాదు" అన్నాడు మేస్త్రీ. ఆ చోట సెన్సరున్నది, వైరున్నది, ప్లగ్గున్నది, వలయమున్నది, బేరింగున్నది. అందరినీ విచారించకుండా సెన్సరుకు శిక్ష వేయడమంటే, కబురు తెచ్చినవాణ్ణి కొట్టడమే.

ఆయన విచారించిన వరుస ఇది. మొదట నాలుగు టైర్లూ ఒకే కొలతవా, గాలి సరిగా ఉన్నదా అని చూశాడు. చిన్న టైరు ఎక్కువ చుట్లు తిరుగుతుంది గనుక దాని లెక్క తేడాగా వస్తుంది. తరువాత ఆయన బండి నడుపుతుంటే, పక్కన కుర్రవాడు స్కానరులో నాలుగు చక్రాల వేగాలు చూశాడు. మూడు చక్రాలు ఇరవై కిలోమీటర్లు చూపుతుంటే, నాలుగోది ఇరవై చూపుతూనే మధ్య మధ్య జారి లేస్తున్నది. బొత్తిగా సున్నా చూపితే వైరు తెగిందని గాని, సెన్సరు చచ్చిందని గాని ముందు అనుమానించాలట. ఇలా ఉండి ఉండి తడబడితే వలయం మీదనో, వదులు ప్లగ్గు మీదనో అనుమానం.

పిమ్మట చదునైన చోట జాకీ ఎత్తి, కింద స్టాండు పెట్టి, చక్రం ఊడదీశాడు. స్టీరింగు ఇటూ అటూ తిప్పుతూ వైరు పొడుగునా చేత్తో తడిమి, ఎక్కడా ఒరుసుకోలేదని చూశాడు. ప్లగ్గులో పచ్చని చిలుము లేదు. తాళం తిప్పి ప్లగ్గు దగ్గర మీటరు పెడితే, దాదాపు బ్యాటరీలో ఉన్నంత వోల్టేజీ వస్తున్నది. అనగా పెట్టె నుంచి కరెంటు బాగానే వస్తున్నది. పాత రకం చుట్ట సెన్సరుకైతే ఓముల కొలత చూడవచ్చు గాని, ఈ కొత్త రకానికి అలా కొలిస్తే ఏమీ తెలియకపోగా అదే పాడుకావచ్చునని హెచ్చరించాడు. సెన్సరు ఊడదీసి, కూర్చునే గుంటలో తుప్పు ఉన్నదేమో చూశాడు. తుప్పు పొర సెన్సరును పైకి లేపితే, వలయానికీ దానికీ మధ్య ఎడం పెరిగి లెక్క తప్పుతుంది.

అన్నీ సరిగానే ఉన్నాయి. ఇక మిగిలినది బేరింగు. దాన్ని బయటికి తీసి, అంచు మీద ఒక చిన్న పలుచని పలక పెట్టాడు. అయస్కాంతపు పట్టెలు అందులో నలుపు తెలుపు చారలుగా కనిపిస్తాయి. చుట్టూ చారలు తీరుగా ఉన్నాయి. ఒక్క చోట మాత్రం నొక్కుకుపోయి, చారలు చెదిరిపోయాయి. మునుపు బేరింగు ఎక్కించినవాడు ప్రెస్సు వాడకుండా సుత్తితో కొట్టిన గుర్తు అది. సెన్సరు ఏ పాపమూ ఎరగదు.

కొత్త బేరింగు తెప్పించి, అయస్కాంతపు వైపు సెన్సరుకు ఎదురుగా ఉండేటట్లు చూసి, ప్రెస్సుతో ఎక్కించాడు. తిరగేసి ఎక్కిస్తే సెన్సరుకు వలయమే కనబడదు. కోడు తుడిచి, ఖాళీ రోడ్డు మీద పదిసార్లు ఆపి చూశాడు. పెడలు కదలలేదు, దీపం వెలగలేదు.

పాఠకులకు మా మనవి ఇంతే. పసుపు దీపం ఒక్కటే వెలిగితే మామూలు బ్రేకులు సాధారణంగా పనిచేస్తాయి. కాని తడి రోడ్డు మీద చక్రం బిగుసుకుంటే కాపాడేవారుండరు. నెమ్మదిగా, ముందు బండికి ఎక్కువ ఎడమిచ్చి నడిపి, తొందరగా చూపించండి. ఎర్ర బ్రేకు దీపం కూడా వెలిగితే బండిని పక్కన ఆపి, నడపకుండా మేస్త్రీని పిలిపించండి. ఏ సామాను మార్చమన్నా, "ఏం పరీక్ష చేసి తేల్చారు?" అని మర్యాదగా అడగండి. ఆ చక్రం దగ్గర మునుపు జరిగిన పని సంగతి అడగకపోయినా మీరే చెప్పండి. మేము మొదటి రోజే చెప్పి ఉంటే కొత్త సెన్సరు ఖర్చు తప్పేది. ఆ తప్పు మాది.

అన్నిటికంటె ముఖ్యం, దీపం కంటె ముందు కాలికి తెలిసిన మాటను పెడచెవిన పెట్టకండి. ఆ గజం దూరం మాకు ఇప్పటికీ కళ్లలో మెదులుతూనే ఉన్నది.

ప్రయాణం వారం రోజులు వెనక్కు జరిగింది. "మొక్కు ఆగుతుంది గాని బండి ఆగాలి గదా" అన్నది మా శ్రీమతి. కొండ దిగేటప్పుడు వాన కురిసింది. గుండు మీద గంధం ఆరకముందే మనుమడు అమ్మ ఒడిలో నిద్రపోయాడు. ప్రతి మలుపులోనూ బండి మేము చెప్పిన చోట ఆగింది.